కొలువులో కొండపల్లి బొమ్మ

సంక్రాంతి నెలపట్టినది మొదలు ఆడపిల్లలు అటకమీది బొమ్మల పెట్టె దింపుమని తల్లులను తొందరపెట్టుట కృష్ణాతీరపు టిండ్లలో అందఱెఱిగిన ముచ్చటయే. దసరాకు కొలువు పెట్టు ఇండ్లును గలవు. ఏ పండుగకైనను ఆ పెట్టెలోని పాతచీర పేలికలు విప్పగా మొదట బయటపడునది తఱచుగా కొండపల్లి బొమ్మయే యైయుండెడిది: అంబారీ యేనుగో, తాటిచెట్టెక్కు గీతగాడో, రోకలి యెత్తిన యిల్లాలో. ఈ నడుమ ఆ బొమ్మకు కొలువుమెట్లమీద చోటు తగ్గుచు, అద్దాల బీరువాలో చోటు పెరుగుచున్నది. చూచుటకు ఇది చిన్న మార్పు. ఆ బొమ్మను చేయు కుటుంబములకు మాత్రము ఇంతకంటె పెద్ద మార్పు మఱొకటి లేదని మా యభిప్రాయము. ఈ నెల ఆ సంగతిని మన సోదరీమణుల యెదుట పెట్టదలచితిమి.

కొండపల్లి విజయవాడకు వాయవ్యమున ఇంచుమించు 20 కిలోమీటర్ల దూరముననున్న యూరు. కాజీపేట పోవు రైలుమార్గముమీది స్టేషను. 2022 వఱకు కృష్ణాజిల్లాలో నుండినది, ఆ యేట ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. కొండమీద 14వ శతాబ్దమునాటి కోట కలదు. క్రింద బొమ్మలవారి యిండ్లు. బొమ్మలు చేయువారిని ఆర్యక్షత్రియులందురు, నకాషీలనియు వ్యవహారము. తమ పూర్వులు సుమారు నాలుగువందల యేండ్ల క్రిందట రాజస్థానమునుండి వచ్చిరనియు, శివుని యనుగ్రహమున శిల్పవిద్య నందిన ముక్తర్షి తమ మూలపురుషుడనియు వారు చెప్పుకొందురు. పరదేశమునుండి వచ్చినవారి చేతిలో తీర్చిదిద్దబడిన బొమ్మ మాత్రము ఎంత తెలుగుదో చూడుడు! గంగిరెద్దు, ఎడ్లబండి, కల్లుకుండ, పెండ్లిపల్లకి, పాములవాడు, విసురురాయి ముందు కూర్చున్న ముసలమ్మ — మన పల్లెలో కంటబడినదెల్ల వారి ఉలికి ఎక్కినది. దశావతారములు, గీతోపదేశపు రథము సరేసరి.

ఈ బొమ్మ తెల్లపొణికి యను కొయ్యతో తయారగును. ఆ చెట్టు అక్కడి కొండలలో పెరుగును. కొయ్య మిక్కిలి తేలిక, మెత్తన. ఉలికి ఎదురు చెప్పదు. తెచ్చిన కొయ్యను ముందుగా సన్నసెగకు కాచి చెమ్మ పోగొట్టుదురు. చెమ్మ మిగిలిన కొయ్య తరువాత ముడుచుకొని, అతుకు విడును, రంగు పగులును. బొమ్మను ఒకే దుంగనుండి చెక్కుట యరుదు. మొండెము వేఱు, తల వేఱు, చేతులు వేఱు. చింతపిక్కల పిండి నుడికించి, రంపపుపొట్టు కలిపి చేసిన ముద్దకు మక్కు అని పేరు. దానితో అవయవముల నతికి, దానితోనే ముక్కు, చెవులు, చీర కుచ్చెళ్లు, నగలు దిద్దుదురు. పైన సున్నపుపూత. అది ఆరిన పిమ్మట మేకవెండ్రుకల కుంచెతో రంగు. ఒక అంబారీ యేనుగునందు ఎన్ని ముక్కలున్నవో మన పిల్లలచేత లెక్కింపజేసి చూడుడు: కాళ్లు, చెవులు, దంతములు, తొండము, అంబారీ, దాని గొడుగు, లోపలి రాజు, ముందరి మావటివాడు. అంగడిలో ధర వినగానే కనుబొమ లెగురవేయుటకు ముందు ఈ లెక్క చూచుట మంచిది.

ఈ పనిలో చెక్కుట సాధారణముగా పురుషులది. మక్కు పెట్టుట, పూత వేయుట, రంగు దిద్దుట చాలవఱకు ఇంటి స్త్రీలది. పొయ్యిమీద అన్నము ఉడుకుచుండగా ప్రక్కన బొమ్మకు కన్నులు దిద్దుకొను ఇల్లాండ్రు అక్కడ గలరు. బొమ్మకు ప్రాణము వచ్చునది కన్ను దిద్దినప్పుడే గదా! అయినను పనివానికి పేరు, పతకము, సన్మానము వచ్చునపుడు ఆ దిద్దిన చేతిని తలచువారు తక్కువ. ఇది బొమ్మల వీథిలోనే కాదు, నేతగాని యింటిలో కండెలు చుట్టు ఆమెకును ఇదే కథ. ఆ ముచ్చట మఱొక నెల చెప్పుకొందము.

ఇక అసలు సంగతి. కొండపల్లి బొమ్మను ఇన్ని తరములు నిలబెట్టినది రాజులని కొందఱు వ్రాయుదురు. రాజులు కోట కట్టిరి, పోయిరి. కోట పాడుపడిన తరువాతకూడ బొమ్మ బ్రదికినది. దానిని బ్రదికించినది మన పేరంటము. కొలువు పెట్టు ఇంట ప్రతి యేడును క్రొత్త బొమ్మ నొక్కటియైన చేర్చవలెనని యాచారము. అత్తగారు కోడలికి, తల్లి కూతురికి చెప్పిన యీ మాట ఏ శాస్త్రమునందు వ్రాయబడినదో మాకు చింత లేదు. బొమ్మలవానికి మాత్రము అది భూమి శిస్తువలె ఏటేట తప్పక వచ్చు రాబడి. 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియై కాలువలు పాఱిన పిమ్మట డెల్టా గ్రామములలో ధాన్యము పెరిగినది. ధాన్యము ఇంటికి చేరు నెలయే సంక్రాంతి నెల. చేతిలో నాలుగు డబ్బు లాడు వేళకే ఆడపిల్ల కొలువు పెట్టును, తండ్రి బెజవాడనుండియో తిరునాళ్లనుండియో బొమ్మ తెచ్చును. పంట, పండుగ, బొమ్మ ఒక్క త్రాట కట్టబడి యుండెను. రైతు పంటను నమ్ముకొన్నట్లు, నకాషీ మన యింటి యాచారమును నమ్ముకొనెను.

అంతేకాదు. కొలువునకు ఒంటిబొమ్మ చాలదు. దశావతారములనగా పదియు కావలెను. ఊరు పెట్టవలెనన్న గుడిసె, నుయ్యి, బండి, ఎడ్లు, కావడివాడు అన్నియు కావలెను. ఈ యేడు మత్స్యమును కూర్మమును కొన్న పిల్ల వచ్చు నేడు వరాహమునకై వచ్చును. కొనువారికి పూర్తిచేయవలెనను తమి, చేయువానికి మొత్తము సెట్టును చెక్కు నేర్పు — ఒకదాని నొకటి పోషించుకొన్నవి. తండ్రి చెక్కిన పదియవతారములను చూచి కొడుకు నేర్చెను.

ఇప్పుడేమైనది? కొలువు పూర్తిగా పోలేదు. అమెరికాలోని తెలుగువారి యిండ్లలోకూడ మెట్లు కట్టి, పేరంటాండ్రను పిలిచి, శనగలు తాంబూలములు పంచుచున్నారు, అది సంతోషమే. అయితే ఊళ్లలో పెద్ద హాలుండిన యిండ్లు అపార్టుమెంట్లైనవి. పండుగకు పుట్టింటికి పోయి వచ్చుటతోనే సెలవులు తీరుచున్నవి. పెట్టె దింపుట పెద్ద పని, సర్దుట మఱింత పెద్ద పని. కొలువు పెట్టువారును తమిళనాటినుండి వచ్చు మట్టిబొమ్మలను, కాగితపు గుజ్జు బొమ్మలను సెట్లుసెట్లుగా తెచ్చుకొనుచున్నారు. అవి బాగుండవని మేమనము. కాని మెట్లమీద అవి నిండినకొలది కొండపల్లి బొమ్మ జరిగి జరిగి బీరువాలోనికి పోయినది. తిరునాళ్లలో ప్లాస్టిక్కు బొమ్మ వచ్చి కూర్చున్నది. పిల్లవాని చేతినుండి కొయ్యబొమ్మ ఎప్పుడో జారినది.

దానితో కొండపల్లివాని పని మారినది. నేడు అతని బొమ్మను ఎక్కువగా కొనునది పిల్ల కాదు, పిల్లతల్లి కాదు. సభకు వచ్చిన అతిథికి జ్ఞాపిక కావలెనను కార్యదర్శి. ఊరు చూడవచ్చి, తిరిగి పోవుచు ఒకటి చేతపట్టుకొను యాత్రికుడు. వారికి పదియవతారములు వలదు. సంచిలో పట్టు ఏనుగు, బల్లమీద పెట్టు వినాయకుడు చాలును. అట్టి బొమ్మలే పదే పదే అమ్ముడుపోయినచో, పదింటిని చెక్కు విద్య ఏ చేతిలో నిలుచును? వృత్తి చచ్చిపోయినదను మాట మేము వినుచుందుము; అది నిజము కాదు. చావలేదు, చిన్నదైనది. చిన్నదగుట ఎవరికంటను పడక జరుగును గనుక అదియే యెక్కువ భయము.

కొయ్యతో వినోదము కల్పించువారికి ఈ గతి మన యొద్దనే పట్టినది కాదు. అమెరికాలో వినోదోద్యానములందు రోలర్‌ కోస్టరను ఆటబండి యున్నది. కొయ్యదూలములతో కొండంత యెత్తు పందిరి కట్టి, దానిమీద పట్టాలు పఱచి, చిన్న బండ్ల వరుసను పైకీడ్చి వదలుదురు; అది కెరటమువలె లేచుచు పడుచు పోవును, ఎక్కినవారు కేకలు వేయుదురు. దీనిని కట్టువారిలో ఫిలడెల్ఫియా టొబాగన్‌ కంపెనీ పాతది, 1904లో పుట్టినది. ఆ కాలమున వారు చెక్కిన గుఱ్ఱములతో రంగులరాట్నములను కూడ చేసిరి. 1959లో కాలిఫోర్నియాలోని డిస్నీలాండులో ఉక్కుగొట్టముల పట్టాలమీద అట్టి బండి నడచినది. ఉక్కు వంచిన తీరున వంగును, తలక్రిందుగనైన త్రిప్పును. ఉద్యానముల వారి చూపు దానిపైకి మరలినది. కొయ్యవి కట్టించువారు నేటికిని గలరు, కాని ఆ కట్టడము క్రొత్త సంస్థల పాలైనది. పాత కంపెనీ ఇప్పుడు ముఖ్యముగా ఇతరులు కట్టిన పట్టాలమీద నడచు బండ్లు చేయుదానిగనే ప్రసిద్ధి. పందిరంతయు తానే కట్టిన యిల్లు పందిరిక్రింది బండికి పరిమితమైనది. వారికి యంత్రములున్నవి, పెట్టుబడి యున్నది, ఒక ముక్క పట్టుకొనియైన నిలిచిరి. నకాషీ యింటనుండునది బాడిస, ఉలి, ఆకురాయి, నాలుగు కుంచెలు.

మన తప్పు లేదనలేము గాని, అంతయు మన తప్పనుటయు సరి కాదు. పిల్లలు కొండపల్లి బొమ్మతో ఎట్లాడుకొందురో చూచినవారికి దాని లోటు తెలియును. చేతులు సన్నన, అతుకు సున్నితము; రెండేండ్లవాడు ఒకసారి విసరిన గీతగాడు తాటిచెట్టు విడిచి పోవును. పైగా పాతకాలపు ఆకుపసరుల రంగులకు మాఱుగా ఎనామెలు రంగులు వచ్చినవి. అవి నిగనిగలాడును, తడికి తట్టుకొనును, అంగడివానికి సులువు. నోటిలో బొమ్మ పెట్టుకొను పసివానికి అట్టిది ఇచ్చుటకు ఏ తల్లియు జంకును, జంకుట న్యాయమే. ఇక్కడ విశాఖ దిక్కున వరాహనది యొడ్డునున్న ఏటికొప్పాకవారి మార్గము గమనింపదగినది. అక్కడ అంకుడు కొయ్యను తరిమెనపట్టి నున్నగా చేసి లక్క పూయుదురు. ఆ లక్కకు విత్తులు, బెరడులు, ఆకులు, వేళ్లనుండి తీసిన రంగులను తిరిగి అలవాటు చేయుటలో చింతలపాటి వేంకటపతిరాజుగారు ఏండ్ల తరబడి పాటుపడిరి. 2023లో వారికి పద్మశ్రీ వచ్చినది. ఆ బొమ్మ గుండ్రన, గట్టి. అది మరల పసివాని చేతిలోనికి పోగలిగినది. కొండపల్లిలోకూడ పసరు రంగులతో బొమ్మలు చేయువారు గలరు. కొనునపుడు ఈ రంగు ఏదని అడుగుట మన కలవాటైనచో అంగడివానికి వినబడును, అతని నోట పనివానికి వినబడును. మా మట్టుకు మాకు, పాలు త్రాగు బిడ్డకు ఏటికొప్పాక గిలక, కథ వినగల బిడ్డకు కొండపల్లి యేనుగు అని తోచును.

ప్రభుత్వము చేతులు ముడుచుకొని యున్నదనుటకు లేదు. భౌగోళిక గుర్తింపు చట్టము క్రింద కొండపల్లి బొమ్మలకు గుర్తింపు వచ్చినది. మఱొకచోట చేసినదానికి ఆ పేరు పెట్టి అమ్మరాదు. లేపాక్షి అంగళ్లలో అమ్మకము జరుగుచున్నది. 2020 ఆగస్టు 30వ తేది రేడియో ప్రసంగమున ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు దేశపు బొమ్మల ఊళ్లను పేర్కొనుచు కొండపల్లి నెత్తిరి. విదేశపు బొమ్మలమీది సుంకము ఆ యేడు నూటికి 20నుండి 60కి, 2023లో 70కి పెరిగినది. 2021 జనవరి మొదలు ఆటబొమ్మలకు నాణ్యతముద్ర తప్పనిసరియైనపుడు, నమోదైన చేతిపనివారికిని గుర్తింపు పొందిన బొమ్మలకును ఆ నిర్బంధమునుండి మినహాయింపు నిచ్చిరి. ఇవన్నియు మేలే. అయితే సుంకము ప్లాస్టిక్కు బొమ్మ ధరను పెంచగలదు గాని, పిల్ల నోట "ఈ యేడు నాకు వామనుడు కావలె" ననిపింపలేదు.

కొయ్య విషయముకూడ ఒకమాట. పొణికి చెట్టు దగ్గఱ కొండలలో తఱుగుచున్నకొలది దుంగకై దూరము పోవలసివచ్చుచున్నది, వెల పెరుగుచున్నది. అడవి కాపాడవలెను, నిజము. నఱికినదానికి బదులు నాటవలెను, అదియు నిజము. మొక్కలు నాటు ప్రయత్నములు జరిగినవి. అవి చెట్లై ఉలిక్రిందికి వచ్చువఱకు ఆ యింటి పిల్లవాడు ఉలి పట్టి కూర్చుండవలెను గదా! కొండపల్లి ప్రక్కనే ఇబ్రహీంపట్టణమున 1979 మొదలు విద్యుత్తు తయారగుచున్నది, చుట్టును కార్ఖానా లున్నవి, విజయవాడ బస్సు దూరములో నున్నది. నెల తిరుగగానే జీతము వచ్చు పని కనబడుచుండగా, పండుగకు తప్ప అమ్ముడుపోని బొమ్మనంటి యుండుమని అతనికి మనము చెప్పజాలము. అతని చెల్లెలికి అంతకంటెను చెప్పజాలము.

బేరమునుగూర్చి మన సోదరీమణులు కోపగింపకుందురు గాక. పట్టణపు పెద్ద అంగడిలో డబ్బాలో పెట్టిన బ్యాటరీ బొమ్మకు అచ్చువేసిన ధర నోరెత్తక ఇచ్చెదము. అది నెలకే మూలబడును. బొమ్మలవాని గడపలో మాత్రము సగమునకు అడిగెదము. అడుగుట మన హక్కే. మొదట మాత్రము బొమ్మ చేతబట్టి చూడుడు. పొణికియైనచో ఆకారమునకు తగని తేలికగా నుండును. బరువుగా నుండి, అడుగున అచ్చుగీత కనబడినచో అది వేఱు సరకు. అతుకులయొద్ద మక్కు పగుళ్లు లేక యుండవలెను. కన్నులు రెండును ఒక్క చూపు చూడవలెను. సెట్టులో ఈ యేడు రెండే కొనుచున్నయెడల, మిగిలినవి వచ్చు నేడు అదే కొలతలో చేసి యిత్తువా యని అడిగి చెప్పించుకొనుడు. ఆ ప్రశ్న విన్న పనివాని ముఖము చూడదగినది.

ఇంటిలో నున్న పాతబొమ్మలను గూర్చి: తడిగుడ్డ తగులనీయకుడు, మక్కు చింతపిక్కది గనుక నానును. పొడి మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, ఎండలో గాక నీడలో ఒకపూట గాలికి పెట్టి, ఎండిన వేపాకుతో మూటకట్టవలెను. ప్లాస్టిక్కు సంచి వలదు, చెమ్మ పట్టును. పాత నూలుచీరయే మేలు. చేయి విరిగిన బొమ్మను పారవేయనక్కఱలేదు. గుప్పెడు చింతపిక్కలను వేయించి, నలుపు పొట్టు రాల్చి, ఒకరాత్రి నానబెట్టి మెత్తగా రుబ్బి, నీటితో సన్నసెగను కలుపుచు నుడికించినచో జిగురు వచ్చును. చల్లారిన పిదప జల్లించిన సన్నని రంపపుపొట్టును చపాతీపిండి గట్టిదనము వచ్చువఱకు కలుపుడు. విరిగినచోట పాత మక్కు గోకి, రెండువైపుల పలుచగా పెట్టి అతికి, దారముతో చుట్టి రెండు దినములు కదల్పక యుంచుడు. దారము విప్పి, మిట్టలుండినచో ఉప్పుకాగితముతో రుద్ది, సున్నము పలుచగా పూసి, రంగు వేయవచ్చును. ఈ జిగురు రెండవనాటికే పులియును గనుక ఎంత కావలెనో అంతయే చేసికొనుడు. మిగిలినచో పిల్లల పుస్తకముల అట్టలకు పనికివచ్చును.